నాలుగు ఎర్ర కుక్కలు, పది రోజులు

పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు కట్లు కట్టి, మందులు కలిపి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చోవడం చేతకాక కుక్కల షెల్టర్‌లో చేరి మరో ఆరేళ్ళు పనిచేశాను. ముప్పై ఏళ్ళలో నేర్చుకోనిది ఆ ఆరేళ్ళలో నేర్చుకున్నాను. అందులోనూ ఒక పది రోజులు నాకు బాగా బుద్ధి చెప్పాయి. మన సంఘంలోని యౌవనస్థులు ఈ మధ్య వారం వారం ఏదో ఒక సేవకు వెళ్తున్నారు. సంతోషం. మీ కోసమే ఇది రాస్తున్నాను. మీలో సగం మందికి అరవం వచ్చినంత సులువుగా తెలుగు చదవడం రాదని తెలుసు. మీ అమ్మల చేత చదివించుకోండి, వాళ్ళకూ పనికొస్తుంది.

మా షెల్టర్ తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు వెళ్ళే దారిలో, తిరువాలంగాడు దాటాక, మూతబడిన ఒక రైస్ మిల్లులో ఉండేది. ఊరివాళ్ళు దాన్ని ‘కుక్కల మిల్లు’ అనేవాళ్ళు. ఆ మాటలో ప్రేమేమీ ఉండేది కాదు. నలభై కుక్కలు, కాలు విరిగిన ఒక గాడిద, జీతం తీసుకునే మనిషిని నేనొక్కదాన్ని. మిగిలినవాళ్ళంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు. స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళను ఎవరూ పనిలోంచి తీసెయ్యలేరు. వాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తీసెయ్యలేరు. తగవులన్నీ అక్కడే పుట్టేవి.

వాళ్ళు రెండు జట్లు. తిరుత్తణి జట్టుకు పెద్ద ఒక టీచరమ్మ. బడి వదిలి పదేళ్ళయినా ఎవరితో మాట్లాడినా చేతిలో బెత్తం ఉన్నట్టే మాట్లాడేది. పొలాలున్న ఇంటి ఆడబిడ్డ, మురుగన్ స్వామికి గొప్ప భక్తురాలు. బిందెడు పెరుగన్నం కలుపుకొని మొదటి బస్సుకు వచ్చేది. రెండో జట్టు మణవాళనగర్ నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చే కుర్రవాళ్ళు, కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. వాళ్ళ నాయకుడు మన సంఘం తమ్ముడే, ఆరాధనలో డోలు వాయిస్తాడు. చికెన్ కొట్ల దగ్గర కోడికాళ్ళు అడిగి తెచ్చి ఉడకబెట్టేవాడు.

రెండు జట్లకు రెండు పొయ్యిలు, రెండు రకాల గిన్నెలు. ఒకరు కడిగిన గచ్చు ఇంకొకరు మళ్ళీ కడిగేవాళ్ళు. ప్రతి కుక్కకూ రెండు పేర్లు. టీచరమ్మ జట్టు స్వామి పేర్లు పెడితే, కుర్రవాళ్ళు బిస్కెట్ల పేర్లు పెట్టారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా కుక్కలు తోకాడిస్తూ వచ్చేవి. ఆ మిల్లులో పక్షపాతం లేనివి అవే.

“ఆయమ్మ కుక్కల చేత కూడా విరతం పట్టిస్తాండాదక్కా. పెరుగన్నం తిని తిని మొరగడమే మర్చిపోయినాయి,” అని తమ్ముడు నా దగ్గరికొచ్చి చెప్పేవాడు.

“మీ సర్చి పిల్లోడికి సెప్పమ్మా. ఆడి నెలలో కోడికాళ్ళు ఉడకేస్తే ఆ వాసనకి నేను లోపలికి యెట్ల వచ్చేది? ముక్కు ఇంట్లో పెట్టేసి వచ్చేదా?” అని టీచరమ్మ. మురుగన్ భక్తులు ఆడి నెలంతా నీసు ముట్టరు.

నేను ఇద్దరికీ తలూపేదాన్ని. అదే సమాధానపరచడం అనుకున్నాను.

ఒక శనివారం మిల్లు వెనక తలుపు తెరిచి ఉండిపోయింది. వెనక బయల్లో మేకలు మేపుకుంటూ ఊరావిడ ఒకామె ఉంది, అరవై ఏళ్ళ మనిషి. ఎర్ర కుక్క ఒకటి బయటికి దూకి ఆమె పిక్క పట్టుకుంది. ఆమె కర్రతో ఒకటిస్తే అరుచుకుంటూ మళ్ళీ లోపలికొచ్చింది. నేను ముందు ఆమెను కుళాయి కింద కూర్చోబెట్టి, పావుగంట సబ్బుతో పుండు కడిగి, ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి మొదటి సూది వేయించాను. దారి పొడుగునా తిట్టింది. కుక్కను కాదు, నన్ను.

తిరిగొచ్చేసరికి గేటు ముందు ఊరు ఊరంతా నిలబడి ఉంది. పంచాయతీ ప్రెసిడెంటు వచ్చాడు. మా వైపు తలైవరు అంటాం.

“చిన్న బిడ్డలు తిరిగే దోవమ్మా ఇది. ఇంగ పోదుం, చాలు. లారీ పిలిపిస్తా, నీ కుక్కల్ని యాడికైనా తోలుకొని పో,” అన్నాడు.

నలభై కుక్కల్ని తోలుకుపోవడానికి నాకు ఎక్కడా చోటు లేదు. లారీ ఎక్కితే అవి ఏదో హైవే పక్కన దిగుతాయి, అంతే. అప్పుడు ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతి ఆయనకు చెప్పాను. కరిచిన కుక్క పది రోజులు బాగా తిని తిరిగితే, కరిచిన నాటికి దానికి పిచ్చి లేనట్టే. ఆమె సూదులు ఆపకూడదు, అవి వేయిస్తూనే ఉంటాను. పదో రోజు కుక్కను మీకు చూపిస్తాను. బాగాలేకపోతే నేనే గేటుకు తాళం వేసి మీ చేతికిస్తాను.

ఆయన లోపలికొచ్చి చూశాడు. వెనక తలుపు పక్కనున్న దొడ్లో ఎర్ర కుక్కలు నాలుగున్నాయి. ఒకే ఈత పిల్లలు, నాలుగూ మగవి. నాలుగింటికీ తోక చివర తెలుపు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు కత్తిరించిన చెవి గుర్తు కూడా ఒకేలా ఉంటుంది.

“దీంట్లో యాది?” అన్నాడు.

రొప్పుతూ మూలన నక్కినదాన్ని చూపించాను. వీపు మీద కర్ర దెబ్బకు తేలిన వాపు ఇంకా ఉంది.

“గుర్తు పెట్టు,” అన్నాడు.

వేరే గదిలో పెడదామంటే, ఉన్న ఒక్క గదిలో గజ్జి పట్టిన తల్లికుక్క పిల్లలతో ఉంది. మందుల పొట్లాలు కట్టే పసుపు నూలుతాడు తెంపి దాని మెడకు కట్టాను. తలైవరు నాలుగింటినీ కలిపి ఫోన్లో ఫోటో తీసుకొని వెళ్ళాడు.

ఆ తరవాతి గురువారం ఆడి కృత్తిక, మురుగన్ స్వామి పండగ. ఆ రోజు తిరుత్తణి కొండ మీద కావళ్ళు తప్ప మెట్లు కనిపించవని మీకు తెలుసు. టీచరమ్మ తెల్లారి కావడి మోసి, మధ్యాహ్నం నేరుగా షెల్టర్‌కొచ్చింది. నేను మందులకని తిరువళ్ళూరు వెళ్ళాను. నాలుగింటికి తిరిగొచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది, నలభై కుక్కల మెడల్లో నలభై పసుపు దారాలున్నాయి. స్వామి రక్షగా కట్టుకునే కాపు దారాలు కొండ మీద నుంచి తెచ్చి, ‘పావం, వీటికి మాత్రం కాపు వద్దా’ అనుకుంటూ ఒక్కోదానికీ కట్టిందట.

పిల్లలూ, ఇక్కడ నేను చేసింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. షెల్టర్‌లో ఏ మతం గుర్తులూ ఉండకూడదని నేనే ఒక నియమం పెట్టాను. క్రిస్మస్‌కు మన కుర్రవాళ్ళు స్టార్ కడతామన్నా వద్దన్నాను. కాబట్టి నియమం కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు కోపమొచ్చింది. నేనుండే చోట, నన్నడగకుండా, నా కుక్కలకు అని. దేవుని కోసం రోషం అనుకున్నాను కానీ, అందులో దేవుడెంత, నేనెంత అని అప్పుడు తూకం వేసుకోలేదు. కట్లు కోసే కత్తెర తీసుకొని నలభై మెడల్లోవీ వరసగా కోశాను. దారాలన్నీ పొయ్యిలో వేశాను.

చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. వాటిలో ఒకటి నాది.

దొడ్లోకి పరుగెత్తాను. నాలుగు ఎర్ర కుక్కలూ నా వైపు చూసి తోకాడించాయి. వీపులు తడిమాను, వాపు లేదు. నోళ్ళు తెరిచి చూశాను. ముప్పై ఏళ్ళ అనుభవం అని చెప్పుకుంటూ తిరిగినదాన్ని, కరిచింది ఏదో చెప్పలేకపోయాను.

మర్నాడు టీచరమ్మ వచ్చింది. మెడలు చూసింది. ఒక్క క్షణం ఆగకుండా తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

“స్వామి కాపు తెంచేసినావు కదరా! సెయ్యి యెట్ల వచ్చిందిరా నీకు?”

“నేను నిన్నంతా ఫ్యాక్టరీలో ఉండానమ్మా. సత్తియంగా నేను కాదు.”

“నువ్వు కాకుంటే నీ జతగాళ్ళు. ఇంగెవురికుండాది అంత తిమురు?” అని తిడుతూనే దొడ్డి వైపు చూసి ఆగిపోయింది. “అయ్యయ్యో, కరిచిందానికి కట్టిన కయరు కూడా లేదే! ఏమమ్మా, నువ్వు సూడలేదా?”

“నేను నిన్న మందులకి పోయుంటి,” అన్నాను.

నిజమే కదా, వెళ్ళాను. ఆ నిజం వెనక దాక్కున్నాను. నా సొంత సంఘం తమ్ముణ్ణి నా ఎదుట దొంగను చేస్తుంటే బకెట్ పట్టుకొని నిలబడ్డాను. అతను మాత్రం తిరుత్తణివాళ్ళే దారాలు కట్టేటప్పుడు మా గుర్తు తీసేసి ఇప్పుడు మా మీద వేస్తున్నారన్నాడు. సాయంత్రానికి రెండు జట్లూ ఇక మేము రామంటే మేము రామన్నారు. శనివారానికి ఈ మాట ఊళ్ళోకి పాకింది. తలైవరు మనిషిని పంపాడు: కుక్క చచ్చిపోతే ఇంకోదాన్ని చూపించి ఏమార్చాలనే గుర్తు తీసేశారని ఊరంతా అంటోంది, మంగళవారం గుర్తున్న కుక్కే కావాలి, లేకపోతే లారీ వస్తుంది.

ఆదివారం ప్రభువు బల్ల. మన మందిరంలో చాపల మీద ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటాం కదా. ముప్పై ఏళ్ళుగా సండే స్కూల్ పిల్లలకు నేను చెప్పే పాఠం ఒకటుంది. ఎవరితోనైనా తగవుంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళిరా, తరవాతే దేవుని సన్నిధికి రా అని. చెప్పీ చెప్పీ నా నోటికి అలవాటైపోయింది, చెవికి ఎక్కలేదు. రొట్టె పళ్ళెం నా దాకా వచ్చింది. చెయ్యి లేవలేదు. పళ్ళెం పక్కామెకు అందించేశాను. ఆమె నా వైపు చూసింది. ద్రాక్షరసం గిన్నె వచ్చింది, అదీ అందించేశాను. తలెత్తితే అవతలి పక్క నుంచి తమ్ముడు చూస్తున్నాడు.

ఆశీర్వాదం అయిన వెంటనే అతని దగ్గరికెళ్ళి, “నీ జట్టునంతా తోలుకొని మిల్లుకి రా,” అన్నాను. టీచరమ్మకూ ఫోన్ చేశాను. ఆమె రానంది. “తగవు తీర్చనీకి కాదు, ఒకటి సెప్పాల,” అన్నాను. నా గొంతు విని కాబోలు, వచ్చింది.

వడ్లు ఆరబోసే గచ్చు మీద ఒక అంచున వాళ్ళు, ఒక అంచున వీళ్ళు నిలబడ్డారు. మధ్యలో నేను.

“దారాలు కోసింది నేను. నలభై నేనే కోసినాను. నా గుర్తు కూడా నేనే కోసేసినాను. కరిచింది యాదో నాకు తెలీదు.”

టీచరమ్మ రెండడుగులు ముందుకొచ్చింది.

“నువ్వా?” అంది టీచరమ్మ.

“నేనే. నన్నడక్కుండా కట్టినావని కోపం. నీ స్వామి మీద కాదు, నీ మీద. నీ కావడి మొక్కుని పొయ్యిలో ఏసినాను. క్షమించమ్మా.” తమ్ముడి వైపు తిరిగాను. “రెండు దినాలు నిన్ను తిట్టనిచ్చినాను. క్షమించు, తమ్ముడూ.”

“రెండు దినాలు కాదక్కా, మూడు,” అన్నాడు. నవ్వలేదు.

టీచరమ్మ పైట కొంగు సర్దుకుంది. తరవాత గచ్చు మీద కూర్చుంది. ఆమె అక్కడ కూర్చోగా అంతకుముందెప్పుడూ చూడలేదు.

“ఆ శనివారం ఎనక తలుపు నేనే తెరిచినాను. ఏయలేదు. మీ పిల్లోళ్ళు ఏయలేదని ఊరంతా సెప్పినాను,” అంది.

తమ్ముడు తల గోక్కున్నాడు. “నేనూ సూసినానమ్మా, తెరిచుండాదని. ఏసుండచ్చు. కానీ ఏసేస్తే నిన్ను తిట్టనీకి ఉండదు కదా అని వదిలేసినా.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత అందరం నవ్వాం. ఏడుపు కలిసిన నవ్వు. మేమంతా కలిసి ఆ మేకల ఆమె పిక్క కరిచినట్టే లెక్క, కుక్క ఒక్కటే కాదు.

దారి చూపించింది తమ్ముడే.

“మా ఫ్యాక్టరీలో పెట్టెలో ఒక పార్టు తప్పుగా వచ్చిందని తెలిసి, యాదో తెలీలేదనుకో. యెతుకుతా కూర్చోము. పెట్టె పెట్టంతా పక్కన పెట్టి అన్నీ చెక్ చేస్తాం. నాలుగూ ఆ దొడ్లోనే ఉండాయి కదక్కా? నాలుగూ బాగుంటే కరిచింది కూడా బాగున్నట్టే కదా?”

ఇంత చిన్న సంగతి నాకు మూడు రోజులుగా ఎందుకు తట్టలేదు? నేను కుక్క గురించి ఆలోచించడం లేదు, నన్ను దాచుకోవడం గురించి ఆలోచిస్తున్నాను. అందుకు.

ముగ్గురం కలిసి తలైవరింటికి వెళ్ళాం. గుర్తు నేనే పోగొట్టానని ఆయనకూ చెప్పాను. రెండోసారి చెప్పడం అంత కష్టం కాలేదు. ఆయన ఫోన్లోని ఫోటో తెరిపించి, అందులో నాలుగింటినీ లెక్కపెట్టించాం. ఆయన ఫోన్ జేబులో పెట్టుకొని, “సరి. నాలుగూ మా ముందర తినాల, నీళ్ళు తాగాల. ఒకటి మూతి తిప్పుకున్నా లారీ వస్తాది,” అన్నాడు.

ఆ రెండు రోజులు దొడ్డి ముందు మనిషి లేకుండా లేదు. ఒక తిరుత్తణి మనిషి, ఒక మణవాళనగర్ మనిషి, జతగా. ఎవరూ అలా ఉండమని చెప్పలేదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక మొదలై ఉంటుంది, సోమవారం సాయంత్రానికి మాత్రం ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగుతున్నారు.

మంగళవారం ఉదయం ఊరు వచ్చింది. మేకల ఆమె పిక్కకు కట్టుతో ముందు వరసలో నిలబడింది. లారీ కూడా వచ్చి రోడ్డు పక్కన ఆగి ఉంది.

ఎర్ర కుక్కల్ని ఒక్కోదాన్ని తాడు కట్టి బయటికి తెచ్చాం. మొదటిది పెరుగన్నం గిన్నె ఖాళీ చేసి, నీళ్ళు తాగి, తలైవరు చెప్పు నాకింది. రెండోది తింది, తాగింది. మూడోది తిని గిన్నెను కూడా ఈడ్చుకుపోబోయింది. నాలుగోది వచ్చింది. గిన్నెలో మూతి పెట్టింది, వాసన చూసింది, వెనక్కి తిరిగి పడుకుంది.

“సూసినారా! సూసినారా!” అని గుంపులో ఎవరో కేక పెట్టారు. లారీ డ్రైవర్ తలుపు తెరిచాడు. ప్రభువా అన్నాను, అంతకంటే పెద్ద ప్రార్థన రాలేదు.

పక్కన టీచరమ్మ ముఖం సున్నం కొట్టినట్టయింది. నా చెయ్యి పట్టుకుంది.

“తెల్లార్తో దానికి ఇడ్లీలు పెట్టినానమ్మా. ఇంతమందిని సూసి బెదిరి, తినకుండా పోతాదేమో అని.”

“యెన్ని?”

“ఏడు.”

“ఏడా!” అన్నాడు తలైవరు. గుంపు నవ్వింది. కానీ ఆయన తల అడ్డంగా ఊపాడు. “నవ్వితే కాదమ్మా. నా ముందర తినాల అన్నాను. తినలేదు.”

తమ్ముడు భుజాన సంచి పట్టుకొని ఊరకే నిలబడ్డాడు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చాడు. సంచిలో ఏముందో మాకందరికీ తెలుసు. ఆడి నెలంతా టీచరమ్మ ఉన్నప్పుడు అది తెరవకూడదనీ తెలుసు. ఆమె అతని వైపు తిరిగింది.

“ఏమి సూస్తా నిలబడినావురా? యాడబెట్టినావు ఆ కాళ్ళు? తీయ్!”

“అమ్మా, ఆడి నెల...”

“ఆడి నెల నాకురా, కుక్కకి కాదు! తీయ్ అంటే!”

అతను టిఫిన్ మూత తీశాడో లేదో, పడుకున్న కుక్క తాడు తెంచుకున్నంత పని చేసింది. ఉడికించిన కోడికాళ్ళు ఎముకలతో సహా కరకరా నమిలింది. టీచరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, కళ్ళు మాత్రం తిప్పకుండా చూసింది. తిన్నాక అది బకెట్ దగ్గరికి పోయి, లొటలొటా నీళ్ళు తాగింది. ఒక్క చుక్క జారలేదు. గొంతు కదలడం అందరికీ కనిపించింది.

కుర్రవాళ్ళు ఈల వేశారు. తిరుత్తణి ఆడవాళ్ళు మురుగన్ స్వామిని తలుచుకొని ‘అరోహరా’ అన్నారు, నేను ‘హల్లెలూయా’ అన్నాను. ఎవరూ ఎవరి నోరూ మూయించలేదు. తలైవరు చెయ్యి ఊపితే లారీ వెనక్కి తిరిగింది. పొగ వదిలి అది రోడ్డెక్కేదాకా నేను చూస్తూనే ఉన్నాను. అంత అందమైన పొగ మళ్ళీ చూడలేదు.

మేకల ఆమె మాత్రం కదల్లేదు. కుంటుకుంటూ వచ్చి నాలుగు కుక్కల ముందూ నిలబడి, ఒక్కోదాన్నీ తేరిపార చూసింది.

“నన్ను కరిచింది యాది?”

“నిజంగా తెలీదమ్మా,” అన్నాను.

“నీకూ తెలీదు, నాకూ తెలీదు. దానికైనా గుర్తుండాదో లేదో,” అంది. “సూదులు ఇంగెన్ని ఉండాయి?”

“ఇంకొకటి. నేనే తోలుకొని పోతా.”

“పో, ఏమాళి,” అని మెత్తగా తిట్టింది. అంటే మా వైపు వట్టి అమాయకురాలా అని. వెళ్ళబోయి మళ్ళీ తిరిగింది. ఆమె మేకపిల్ల ఒకటి ముళ్ళకంచెలో పడి తొడ చీరుకుందట. పుండులో పురుగులు పడ్డాయట. నాలుగు రోజులుగా పసుపు అద్దుతోందట, తగ్గడం లేదట. ఇవన్నీ నన్ను అడుగుతున్నట్టు కాక, గోడతో చెబుతున్నట్టు చెప్పింది.

ఊరు ఆ గేటు దగ్గరికి ఎన్నోసార్లు వచ్చింది. సాయం అడగడానికి ఒక్కసారీ రాలేదు. టీచరమ్మ, తమ్ముడు ఇద్దరూ నా వైపు చూశారు.

“రేపు యెన్ని గంటలకి తెరుస్తారు?” అని మేకల ఆమె అడిగింది.

“ఆరింటికి,” అన్నాను.

మర్నాడు అయిదున్నరకు వెళ్ళేసరికి, గేటు ముందు రాతి మీద మేకపిల్లను ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. దేవునికి స్తోత్రం.